తక్కెడ మీద వేలు

మోసం చేసే సేటును చూసి నవ్వొచ్చా?

బీబీసీ టీవీలో 1976 నుంచి 1985 వరకు విడతలు విడతలుగా 'ఓపెన్ ఆల్ అవర్స్' అనే హాస్య సీరియల్ వచ్చింది. ఇంగ్లండులో ఒక వీధి మూల కొట్టు, దాని యజమాని ఆర్క్‌రైట్. పరమ పిసినారి. ఒక్క వస్తువు కోసం వచ్చిన మనిషికి అక్కర్లేనివి నాలుగు అంటగట్టి పంపుతాడు. ఆయన గల్లాపెట్టె సొరుగు టపీమని వేళ్ల మీద మూసుకుంటుంది, అందుకని తన డబ్బు తీయాలన్నా ఆయనకే భయం. లోభం గురించి మనం గంటసేపు చెప్పేది ఆ సొరుగు ఒక్క చప్పుడుతో చెప్పేస్తుంది. కొట్లో చాకిరీ అంతా మేనల్లుడు గ్రాన్‌విల్‌ది. చూసేవాళ్లకు జాలి కలిగేది వాడి మీదే.

అయినా మనకు ఆ నవ్వు అంత తేలిగ్గా రాదు. సరుకు పైనుంచి కొంగులో జారవిడిచి, పైసలు అరుగు మీద పెట్టుమన్న కొట్ల సంగతి పెద్దవాళ్ల నోట విన్నవాళ్లం. ఉద్దెర పుస్తకంలో ఏం రాసిండో చదవడం రాక, సేటు చెప్పినంత కట్టిన తాతల మనుమలం. తరుగు అనే మాట వింటే కడుపులో ఎట్లయితదో మిర్యాలగూడలో వడ్లు అమ్ముకున్న రైతును అడగండి.

ఆ కథ మళ్లీ 2013లో మొదలైంది. మేనమామ పోయిండు, కొట్టు గ్రాన్‌విల్‌ది అయింది. నటుడు కూడా ఆయనే, డేవిడ్ జేసన్. మామ ఎత్తులన్నీ ఇప్పుడు అల్లుడివి, చాకిరీ మాత్రం అతని కొడుకుది. జనం మళ్లీ నవ్వారు. నాకు నవ్వు ఆగింది అక్కడే.

ఎందుకంటే సూర్యాపేటలో, కోదాడలో ఇప్పుడు మనవాళ్లూ కొట్లు పెడుతున్నారు. దీక్ష తీసుకున్న ఒక తమ్ముడు బస్తీలో కిరాణం పెట్టి అడిగిండు: "అన్నా, అందరిదీ ఉద్దెరే. ఉద్దెరకు ఇచ్చేటప్పుడు కిలోకు రెండు రూపాయలు ఎక్కువ వేసుకుంటే శీలం తప్పినట్టేనా?"

చెప్పి వేసుకుంటే అది ధర తమ్మీ, చెప్పకుండా పుస్తకంలో రాసుకుంటే అది ఇవ్వనిది తీసుకోవడం అన్న. రెండో శీలం దొంగతనం అనే మాటతో ఆగదు, ఇవ్వనిది తీసుకోను అంటుంది. బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. అందులో కిరాణం లేదని మురిసిపోవడానికి లేదు. (ఫ్రిజ్‌లో కూల్‌డ్రింకుల వెనక బీరు సీసాలు దాచే కొట్టు ఆ ఐదింట్లో ఉన్నట్టే.) దీఘనికాయం మొదటి సూత్రంలోనే తులాకూట, కంసకూట, మానకూట అని ఉంది. దొంగ తూకం, దొంగ లోహం, దొంగ కొలత. తక్కెడ పోయి ఎలక్ట్రానిక్ కాంటా వచ్చినా, దాన్ని సున్నా దగ్గర పెట్టేది మన వేలే.

తమ్ముడు అంతా విన్నడు. "మంచిదే అన్నా. మరి నా దగ్గర ఉద్దెర పెట్టి, చేతిలో పైసలు ఉన్నప్పుడు సూపర్ మార్కెట్‌కు పోయేటోళ్ల సంగతేంది? అబద్ధమాడను అని ప్రతిజ్ఞ చేసిన నోటితోనే మూడు నెలల నుంచి 'రేపిస్త' అంటున్నరు. వాళ్లది ఏ కూటం?"

నేనేం మాట్లాడలేదు. అతని పుస్తకంలో నా పేరు కూడా ఉంది. ఆ సాయంత్రమే పోయి కట్టేసిన. లెక్క చూపిస్తనని పుస్తకం తిప్పి నా ముందు పెట్టిండు. పైనుంచి కింది దాకా చదివిన.