కొలిచెడు దానిని కొలుచుట

తప్పును దిద్దుకొన్నంతమాత్రమున మనుష్యుడు దానినుండి విముక్తుడగునా? ఇది ధర్మశాస్త్ర గ్రంథములకే పరిమితమైన ప్రశ్న కాదు. మోటారు వాహనముల మరమ్మతుశాలలోని ఒక ఇనుప పనిముట్టు కూడ దీనినే మన ముందుంచుచున్నది.

దానిపేరు టార్క్ రెంచి. మామూలు పానా నట్టును బిగించుటకే పనికివచ్చును. ఇది ఎంత బిగించినదో కూడ తెలుపును. పిడి త్రిప్పి అంకెను నిర్ణయించినచో లోపలి స్ప్రింగు ఆ మేరకు అణగియుండును. బిగింపు ఆ అంకెకు చేరగనే ‘టక్కు’మని శబ్దమగును. కారు చక్రపు నట్లకు సాధారణముగా 100 న్యూటన్ మీటర్లకు అటునిటుగా బిగింపు కావలయును. తక్కువైనచో నట్టు వదులగును; మితిమీరినచో బోల్టు సాగును, మర చెడును.

ఏండ్లు గడచిన కొలది స్ప్రింగు బలము తగ్గును, లోపలి భాగములు అరుగును. అయినను శబ్దము మారదు. 100కు మ్రోగవలసినది 85కే మ్రోగినను అదే టక్కు, అదే ధీమా. తన లోపమును తాను ఎరుగు శక్తి దానికి లేదు. అందుచేతనే ఐ.ఎస్.ఓ. 6789 ప్రమాణము, వేరొక నియమము లేనిచోట, 12 నెలలకో, సుమారు 5,000 మార్లు వాడిన పిదపనో దానిని పరీక్షింపవలెనని చెప్పుచున్నది. 10 న్యూటన్ మీటర్లకు పైబడిన కొలతలలో ఇట్టి రెంచికి నూటికి 4 వంతుల తేడా వరకే అనుమతి కలదు.

పరీక్షాగారమున దాని గరిష్ఠ సామర్థ్యములో 20, 60, 100 శాతముల వద్ద పలుమార్లు లాగి చూతురు. తేడా హెచ్చుగా నున్నచో సవరింతురు. ధర్మసూక్ష్మము ఇచ్చటనే యున్నది. మంచి పరీక్షాగారము రెండు పట్టికల నిచ్చును. ఒకటి రెంచి వచ్చినప్పటి స్థితి. రెండవది సవరించిన పిదపటి స్థితి. యజమానికి ప్రియమైనది రెండవది. మొదటిది గడచిన దినముల లెక్క. 100 అని నమ్మి 85తో బిగించిన చక్రములు నేడును రోడ్లపై తిరుగుచున్నవి. రెంచి సరియైనది గాని ఆ నట్లు సరికాలేదు. ఆ వాహనములను పిలిపించి మరల బిగించువరకు దిద్దుబాటు సగమే.

తెలియక జరిగినది దోషమెట్లగునని కొందరడుగవచ్చును. తెలియనంతవరకు క్షమార్హమే. కాని మొదటి పట్టిక చేతికి వచ్చిన క్షణమున ఆ సమాధానము చెల్లదు. చదువక మడిచి పెట్టుట అజ్ఞానము కాదు, తెలిసి కన్నుమూసికొనుట.

ఈ నియమమునకు అత్యున్నత ప్రమాణము సైతము అతీతము కాలేదు. 1889 నుండి ప్రపంచమునకంతకు కిలోగ్రాముగా నిలిచిన ప్లాటినం ఇరిడియం దిమ్మె పారిస్ సమీపమున సెవర్‌లో భద్రపరుపబడినది. దానికిని దాని ప్రతులకును నడుమ దాదాపు 100 ఏండ్లలో సుమారు 50 మైక్రోగ్రాముల తేడా కనబడెను. శాస్త్రజ్ఞులు దానిని మరుగుపరుపలేదు. అందరికి తెలియునట్లు ప్రకటించిరి. తుదకు 2019 మే 20 నుండి ఆ దిమ్మెను విడిచి, ప్లాంక్ స్థిరాంకముపై కిలోగ్రామును నిలిపిరి.

కావున దుకాణమున తరాజును సరిచేయించిన వర్తకుడును, బిడ్డలయెడ తన పక్షపాతమును గుర్తించిన తండ్రియు, “ఇకమీదట సరిగా నుందును” అనుటతో తృప్తి చెందరాదు. ఇంతవరకు ఎవరికి ఎంత తక్కువైనదో ముందుగా వ్రాసికొనవలెను. ఆ కొరతను వారి యింటికి పోయి తీర్పవలెను.