మాటకు కొలత ఎవరిది?

2004 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ నక్సలైట్లతో చర్చలు జరుపుతామని జనానికి మాటిచ్చింది. ఆ మాట నిలిచిందా, తప్పిందా? హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో మా దుకాణం ముందు ఈ మాటొస్తే "జరిపారు కదా" అనేవాళ్లే ఎక్కువ. నిజమే, జరిపారు. ఆ జూలైలో పీపుల్స్‌వార్ మీద నిషేధం గడువు తీరితే వైఎస్ ప్రభుత్వం పొడిగించలేదు. అక్టోబర్‌లో పీపుల్స్‌వార్ నాయకుడు రామకృష్ణ, మరికొందరు నల్లమల అడవి దిగి వచ్చారు. 15 నుంచి 18 దాకా జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థలో హోంమంత్రి జానారెడ్డి ఎదుట కూర్చున్నారు. హామీ కాగితం పట్టుకుని చూస్తే పద్దు సరిపోయినట్టే.

నాకు సరిపోలేదు.

నేనిక్కడ టోకు కిరాణా దుకాణంలో గుమాస్తాని. మా దగ్గర బస్తాలు మోసే హమాలీల్లో పాలమూరు వాళ్లు చాలామంది, అమ్రాబాద్ వైపు వాళ్లూ ఉండేవారు. ఆ రోజుల్లో లారీ దించేముందు పేపరు చదివి వినిపించమనేవారు. అమ్రాబాద్ వైపు ఒకాయన చేతిలోని కొక్కేన్ని మిరపకాయల బస్తాకు గుచ్చి, తలగుడ్డతో మెడ తుడుచుకుంటూ, "గుమాస్తా సాబ్, ఇగ మా ఊర్ల రాత్రిపూట ఎవ్వలు తలుపు కొట్టరు గదా?" అన్నాడు. అన్నలని గానీ పోలీసులని గానీ విడిగా అనలేదు. ఎవ్వలూ అన్నాడంతే. చర్చలంటే అతనికి వినబడింది అది.

నాకప్పుడు బలి చక్రవర్తి గుర్తొచ్చాడు. వామనుడు అడిగింది మూడడుగులు. ఇస్తానన్నప్పుడు బలి ముందున్నది పొట్టి బ్రహ్మచారి పాదం. కొలిచే వేళకు అదే పాదం భూమినీ ఆకాశాన్నీ కప్పేసింది. "నేనిచ్చింది నువ్వొచ్చినప్పటి అడుగులయ్యా" అని బలి అనగలిగేవాడు. కోర్టులో నిలిచే వాదనే. శుక్రాచార్యుడు ముందే వద్దన్నాడు కూడా. అయినా బలి మూడో అడుగుకు తన తల చూపించాడు. దీన్ని దానం కథగా చెబుతారు. నాకిది మాట కథ. ఇచ్చిన మాటను పుచ్చుకున్నవాడి పాదంతోనే కొలవాలని ఆయన ఒప్పుకున్నాడు.

మరి ఓటరు ఎంత అడుగు వేస్తే అంతా ఇవ్వాలా? అక్కర్లేదు. కానీ ఎదుటివాడు ఏం వింటున్నాడో తెలిసి ఓటు తీసుకున్నవాళ్లు, గెలిచాక అక్షరాల చాటుకు పోకూడదు. ఊళ్లో జనం విన్నది "కూర్చుంటాం" అని కాదు, "చావులు ఆగుతాయి" అని. ఆ సంగతి అప్పట్లో ఏ నాయకుడికి తెలియదు?

చర్చలు చిక్కుకున్నది తుపాకీ దగ్గరే. ఊళ్లలోకి ఆయుధాలతో రావద్దని ప్రభుత్వం అంది, ఆయుధం పక్కన పెట్టేది లేదని అప్పటికే మావోయిస్టులుగా పేరు మారిన పీపుల్స్‌వార్ వాళ్లు అన్నారు. సర్కారు అడిగింది తప్పని నేననను. భుజాన తుపాకీ ఉన్నవాడి ముందు రైతు మనసు విప్పి మాట్లాడలేడు. అయితే ఒక్క విడతతో ముడి విడిపోతుందని ఎవరూ అనుకోలేదు. ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి, 2005 జనవరిలో మావోయిస్టులు తప్పుకున్నారు, రెండో విడత రాలేదు. చర్చల్లో మరో నక్సలైట్ పార్టీ జనశక్తి తరఫున కూర్చున్న రియాజ్ ఆ జూలైలో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకుని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకు నిషేధం తిరిగొచ్చింది. జనం పేరు చెప్పి తుపాకీ పట్టినవాళ్లూ జనానికి మాటిచ్చినవాళ్లే. వాళ్ల తప్పు ఇందులో తక్కువేం కాదు.

ఈ మొత్తంలో నేను చేతులెత్తి మొక్కేది ఎస్.ఆర్. శంకరన్ గారికి. ఆయన ఓటడగలేదు, హామీ ఇవ్వలేదు. ఐఏఎస్ అధికారిగా పనిచేసి రిటైరయ్యాక, 1997 నుంచి పౌరస్పందన వేదిక తరఫున రెండు పక్షాలనూ చంపడం ఆపమని అడుగుతూనే వచ్చారు. ఎవరికీ బాకీ లేని మనిషి ఆ బాకీ నెత్తిన వేసుకున్నారు.

చర్చలకు పిలవడం చిన్న పని కాదు, అంతకుముందు ఏ ప్రభుత్వమూ అంత దూరం రాలేదు. ఆ మేరకు వైఎస్ ప్రభుత్వానికి పేరు దక్కాలి. కానీ "మేం కూర్చుంటామన్నాం, నీ తలుపు సంగతి మేమనలేదు" అని ఆ అమ్రాబాద్ మనిషి ముఖాన ఏ మంత్రీ, ఏ దళ నాయకుడూ చెప్పలేడు. అందుకే నేను దాన్ని సగంలో వదిలేసిన మాట అనే అంటాను, ఇప్పటికీ.