అభిమాని చేతిలో తక్కెడ

ఒక ఆటగాణ్ణి ఒక జట్టు మరొక జట్టుకు ఇచ్చివేసినప్పుడు, ఆ జట్టు అభిమానులు వేసే మొట్టమొదటి ప్రశ్న ఒకటే: "బదులుగా మనకు ఎవరు వచ్చారు?" ఈ ప్రశ్న ఎంత సహజంగా నోటికి వస్తుందంటే, అందులో వింత ఏమైనా వున్నదని ఎవరికీ తోచదు. ఆ "మనం" ఎవరు? ఇచ్చినవాడెవడు, పుచ్చుకున్నవాడెవడు? చేతులు మారినది వస్తువా, మనిషా? ఈ చిన్న ప్రశ్న వెనక వున్న నీతిని నేనిక్కడ పరిశీలించదలచాను.

ఆటల గురించి ఇంత చర్చ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. తీరిక వేళలో, ఎవరి బలవంతమూ లేకుండా, మనిషి లోకాన్ని ఏ దృష్టితో చూస్తాడన్నది చిన్న విషయం కాదు. ఫ్యాక్టరీలో యజమాని మాటను అనుమానించే కార్మికుడే, గ్యాలరీలో కూర్చున్నప్పుడు యజమాని లెక్కలను తన లెక్కలుగా వేసుకుంటాడు. ఇది ఎట్లా జరుగుతుందో తెలుసుకోవటం అభ్యుదయవాదులకు అవసరం.

ఉదాహరణకు 1977 జూన్ 15వ తేదీన అమెరికాలో జరిగిన ఒక మారకాన్ని తీసుకుంటాను. న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు తన పిచర్ టామ్ సీవర్‌ను సిన్సినాటి రెడ్స్ జట్టుకు ఇచ్చి, అతనికి బదులుగా నలుగురు ఆటగాళ్లను తీసుకున్నది. మన దేశంలో బేస్‌బాల్‌కు ప్రచారం తక్కువ. క్రికెట్‌లో బౌలర్‌ చేసే పనినే అందులో పిచర్ చేస్తాడు. కాని ఆరేసి బంతులకు మనిషి మారటం అక్కడ లేదు. ఆ రోజుల్లో మేటి పిచర్ చాలాసార్లు ఆట మొదటినించి చివరిదాకా తానే బంతి విసిరేవాడు. అందువల్ల జట్టు గెలుపోటముల భారం అతని భుజం మీద పడేది.

మెట్స్ అభిమానులు ఎవరో తెలిస్తే తప్ప ఆ మారకం వాళ్లను ఎందుకంత గాయపరచిందో బోధపడదు. 1957 దాకా న్యూయార్క్‌లో డాడ్జర్స్, జయంట్స్ అనే రెండు పాత జట్లు కూడా వుండేవి. ఆ ఏడు ఆటలు ముగియగానే వాటి యజమానులు లాభాలు వెతుక్కుంటూ రెండు జట్లనూ కాలిఫోర్నియాకు తరలించుకుపోయారు. తరతరాలుగా ఆ జట్లను తమవనుకున్న న్యూయార్క్ జనాన్ని ఒక్క మాట అడిగినవాడు లేడు. ఆ ఖాళీని పూరించటానికి 1962లో మెట్స్ జట్టు పుట్టింది. డాడ్జర్స్ నీలం రంగునూ, జయంట్స్ నారింజ రంగునూ కలిపి తన రంగులు చేసుకున్నది. మొదటి ఏడు 40 ఆటలు గెలిచి 120 ఓడింది. అయినా జనం వచ్చారు. 1967లో సీవర్ చేరాడు. 1969లో అతను 25 ఆటలు గెలిపించాడు; జట్టు వరల్డ్ సిరీస్ నెగ్గింది. జనం అతనికి "ది ఫ్రాంచైజ్" అని పేరు పెట్టారు. అంటే ఆ జట్టు, ఆ వ్యాపారం, సమస్తం అతనే అన్నమాట. ఎనిమిదేళ్ల తరవాత ఆ సమస్తాన్నీ ఒక్క రాత్రిలో వదిలించుకోవటానికి యాజమాన్యానికి ఆటంకమేమీ కనిపించలేదు.

తగవు ఎక్కడ మొదలైంది? బేస్‌బాల్ యజమానులు 1879 నించీ "రిజర్వు" అనే నిబంధనను అమలుపరుస్తూ వచ్చారు. దాని సారాంశం ఇది: ఆటగాడి ఒప్పందం గడువు తీరినా జట్టుకు అతని మీద హక్కు తీరదు. యజమాని అతన్ని వుంచుకోవచ్చు, అమ్మవచ్చు, మారకం వెయ్యవచ్చు. ఆటగాడు మాత్రం మరొక జట్టుతో బేరం చెయ్యకూడదు. నచ్చకపోతే ఆటే మానుకోవాలి. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే నీగ్రోజాతి ఆటగాణ్ణి ఫిలడెల్ఫియాకు మారకం వేసినప్పుడు, తాను అమ్ముడుపోయే సొత్తును కానని అతను ఎదురుతిరిగాడు. అప్పటికి అతని జీతం ఏడాదికి 90,000 డాలర్లు. అంత జీతగాడు బానిసనంటాడేమిటని పత్రికలు వెక్కిరించాయి. 1972లో సుప్రీంకోర్టు 5-3 ఆధిక్యంతో అతనికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఫ్లడ్ ఓడిపోయాడు, అతని ఆట ముగిసిపోయింది.

కాని ఆటగాళ్ల సంఘం ఓడిపోలేదు. ఉక్కు కార్మికుల యూనియన్‌లో ఆర్థికవేత్తగా పనిచేసిన మార్విన్ మిల్లర్ 1966లో ఆ సంఘం బాధ్యతలు తీసుకున్నాడు. 1968లో బేస్‌బాల్ యజమానులతో మొదటి సామూహిక ఒప్పందం కుదిరింది. కనీస జీతం 6,000 నించి 10,000 డాలర్లకు పెరిగింది. పదేళ్ల అనుభవం వుండి, చివరి అయిదేళ్లూ ఒకే జట్టులో ఆడినవాడికి తన మారకాన్ని కాదనే హక్కు 1973లో వచ్చింది. 1975 డిసెంబరులో మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల తగాదాలో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఇచ్చిన తీర్పు రిజర్వు నిబంధనను పడగొట్టింది. 1976 చివరకు ఆటగాళ్లు తమకిష్టమైన జట్టుతో బేరం చేసే రోజు వచ్చింది.

సీవర్ ఆ రోజు రాకముందే, అదే ఏడు, మెట్స్‌తో మూడేళ్ల ఒప్పందం మీద సంతకం చేసివున్నాడు. అతను ఆటగాళ్ల సంఘంలో చురుకుగా పనిచేసినవాడు. కొత్త ఆటగాళ్ల కోసం మెట్స్ యాజమాన్యం డబ్బు ఖర్చుపెట్టటంలేదని బాహాటంగా విమర్శించాడు. తన ఒప్పందం సవరించమని అడిగాడు. జట్టు అధ్యక్షుడు డొనాల్డ్ గ్రాంట్ వాల్ స్ట్రీట్ మనిషి. సీవర్ గ్రీనిచ్ కంట్రీ క్లబ్బులో సభ్యుడుగా చేరినప్పుడు, ఎవరనుకుని ఆ క్లబ్బులో చేరావని గ్రాంట్ తనను నిలదీసినట్టు సీవర్ తరవాత చెప్పాడు. జీతగాడు దొరల క్లబ్బులో కాలుపెట్టటం దొరకు సహించరానిదైంది. ఆటగాడు ఎంత డబ్బు సంపాదించినా యజమాని కంటికి జీతగాడే.

డిక్ యంగ్ అనే ప్రసిద్ధ విలేఖరి యాజమాన్యం పక్షాన కలం పట్టాడు. సీవర్ దురాశాపరుడనీ, సంతకం చేసిన మాటకు నిలబడటంలేదనీ రాశాడు. అతని అల్లుడు మెట్స్ కార్యాలయంలో ఉద్యోగి. జూన్ 15న వచ్చిన వ్యాసంలో యంగ్ సీవర్ భార్యను కూడా వాదంలోకి లాగాడు. అప్పటికి ఒక రాజీ కుదురుతూ వున్నది. ఆ వ్యాసం సంగతి తెలియగానే సీవర్ రాజీ వద్దన్నాడు, తనను పంపించివెయ్యమన్నాడు. ఆ రాత్రే మారకం జరిగిపోయింది.

ఇక అభిమానులు తూచటం మొదలుపెట్టారు. తక్కెడలో ఒకవైపు సీవర్: వయసు 32, మూడుసార్లు సై యంగ్ బహుమతి, 189 విజయాలు. రెండోవైపు జాక్రీ, ఫ్లిన్, హెండర్సన్, నార్మన్. జాక్రీ కిందటేడు ఉత్తమ నూతన ఆటగాడి బహుమతి పంచుకున్నవాడు. హెండర్సన్ కుర్రవాడు, బ్యాటు బాగా ఆడతాడు. "నలుగురు పడుచువాళ్లకు ఒక నడివయసువాడు, ఇది నష్టం బేరం కాదు" అనటానికి అవకాశం వున్నది. "ఇది దోపిడీ" అనటానికి అంతకన్న ఎక్కువ అవకాశం వున్నది. చరిత్ర రెండోవాళ్లనే సమర్థించింది. ఆ ఏడు మిగిలిన ఆటల్లో సీవర్ సిన్సినాటికి 14 గెలిచి 3 ఓడాడు. మెట్స్ వరసగా మూడేళ్లు తమ విభాగంలో అట్టడుగున వుండిపోయింది.

కాని నా అభిప్రాయంలో ఈ రెండు పక్షాలవాళ్లూ ఒకే తప్పు చేస్తున్నారు. శ్రీకృష్ణ తులాభారం కథ మనకందరికీ తెలుసు. సత్యభామ భర్తను నారదుడికి దానమిచ్చి, తిరిగి దక్కించుకోవటానికి ఆయన ఎత్తు ధనం తూచవలసివస్తుంది. నగలన్నీ చాలక, రుక్మిణి తులసిదళంతో త్రాసు తూగుతుంది. ఏది ఎంత తూగిందన్నదాని మీదే మన ఆసక్తి అంతా. మనిషిని దానమిచ్చే హక్కు ఎక్కడిదన్న ప్రశ్న కథలో తలెత్తదు. కృష్ణుడు దేవుడు గనక చిరునవ్వుతో త్రాసులో కూర్చున్నాడు. మారకం మంచి బేరమా, చెడ్డ బేరమా అని వాదించే అభిమానులు కూడా త్రాసు ముల్లునే చూస్తున్నారు. త్రాసు ఎవరిదని అడగటంలేదు. మంచి బేరమైతే మనిషిని తూచటం న్యాయమైపోతుందా?

డిక్ యంగ్ వాదాన్ని తేలికగా తీసిపారెయ్యకూడదు. విలేఖరి బంధుత్వం చూపించినంత మాత్రాన అతని వాదం పూర్వపక్షం కాదు. మాటకు నిలబడటం మంచి నీతే. కాని మాట ఇద్దరిదీ అయినప్పుడే అది నీతి అవుతుంది. ఒప్పందం మధ్యలో జీతం పెంచమని ఆటగాడు అడిగితే అది మాట తప్పటం అంటున్నారు. ఒప్పందం మధ్యలో యజమాని అతన్ని మరొక వూరికి ఇచ్చివేస్తే అది వ్యాపారం అంటున్నారు. ఒకడి కాలికి గొలుసు వేసి, రెండోవాడి చేతికి తాళంచెవి ఇచ్చి, ఇద్దరూ ఒప్పందానికి బద్ధులేనంటే సరిపోతుందా? విశ్వాసం అనేది రెండువైపులా వుంటే సుగుణం. ఒకవైపునించే వసూలుచేస్తే అది శిస్తు. బ్రూక్లిన్‌ను వదిలిపోయిన యజమానులను విశ్వాసఘాతకులని అభిమానులు తిట్టారు. కాని ఆ తిట్టు వల్ల యజమానులకు కలిగిన నష్టం ఏమీ లేదు. ఆటగాడికి ఆ మాట అంటగడితే అతని బతుకే మారిపోతుంది.

"సీవర్ తానే కోరి వెళ్లాడుగదా" అనేవారున్నారు. నిజమే. అవమానం భరించలేక పని మానుకున్నవాణ్ణి కూడా "తానే మానుకున్నాడు" అనవచ్చు. ఆ మాట అబద్ధం కాదు. కాని అది సగం నిజం. మిగతా సగం అవమానించినవాడి దగ్గర వున్నది.

మన మిత్రుల్లో మరొక అభ్యంతరం వినిపిస్తుంది: ఏడాదికి లక్షల డాలర్లు తీసుకునేవాడి కోసం మనం కన్నీరు కార్చటమేమిటి? కన్నీరు కార్చమని నేననటంలేదు. సీవర్ పేదవాడు కాడు. కాని జీతం ఎంత అన్నది ఒక ప్రశ్న, శ్రమ మీద హక్కు ఎవరిది అన్నది వేరొక ప్రశ్న. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని మరిపించటం యజమానుల పాత ఎత్తుగడ. పైగా సంఘం పెంచిన కనీస జీతం తారలకు పనికివచ్చేది కాదు. అది పేరు తెలియని ఆటగాళ్లకు పనికివచ్చింది. ఫ్లడ్ ఓడిన దావా వల్ల ఫ్లడ్‌కు ఏమీ దక్కలేదు. తరవాతివాళ్లకు దారి దొరికింది. చిన్న లీగుల్లో చాలీచాలని జీతాలతో ఆడే వేలాదిమంది కుర్రవాళ్లు 2022లో అదే సంఘంలో చేరారంటే, ఆ దారి ఎంతదూరం సాగిందో తెలుస్తుంది.

అయితే ఆటగాళ్ల స్వేచ్ఛా విపణి విముక్తి అని నేను అనను. రిజర్వు నిబంధన కింద ఆటగాణ్ణి మరొకడు అమ్మేవాడు. ఇప్పుడు అతను తన శ్రమశక్తిని తానే అమ్ముకుంటున్నాడు. మార్క్స్ చెప్పిన "స్వేచ్ఛగల" శ్రామికుడు ఇతనే. ఈ రెండు స్థితులకూ మధ్య దూరం చాలా వున్నది. ఆ దూరాన్ని తేలికచేసేవాడు చరిత్ర తెలియనివాడు. అదే గమ్యమనేవాడు కూడా చరిత్ర తెలియనివాడే.

మరి అభిమాని మాటేమిటి? అతని ప్రేమ భ్రమేనా? కాదు. మారకం వార్త తెలిసినప్పుడు మెట్స్ కార్యాలయానికి కోపంతో ఫోన్లు చేసినవాళ్లు బేరం లెక్కలు కట్టినవాళ్లు కారు. ఆగస్టులో సీవర్ ప్రత్యర్థి జట్టు దుస్తుల్లో అదే షే స్టేడియంకు వచ్చి, తమ జట్టునే ఓడిస్తే, జనం అతనికి జేజేలు పలికారు. ఆ స్టేడియం నగరపాలకసంస్థ ప్రజల సొమ్ముతో కట్టించినది. జట్టు మాత్రం ప్రైవేటు ఆస్తి. 1970లో ఏడాదికి 26 లక్షలు దాటిన ప్రేక్షకుల సంఖ్య 1979 నాటికి 8 లక్షలకు లోపు పడిపోయింది. జనం ఆ స్టేడియాన్ని "గ్రాంట్ సమాధి" అన్నారు. ఓటమి వల్ల కూడా జనం తగ్గారు, కాదనను. కాని యజమాని అమ్ముతున్న సరుకు తమ అభిమానమేనని, తాము రాకపోతే అతని దగ్గర అమ్మకానికి ఏమీ లేదని ఆ జనానికి కొంతైనా అర్థమైంది.

ఇదంతా దూరదేశపు సంగతి కాదు. 2008 నించీ మన దేశంలో క్రికెటర్లను బహిరంగంగా వేలం వేస్తున్నారు. "వేలం" అన్న మాటను దాచాలని కూడా ఎవరికీ తోచలేదు. 2016లో హైదరాబాదు జట్టుకు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021లో ఆటల మధ్యలోనే నాయకత్వం నించి తప్పించారు. మరుసటేడు వేలంలో ఢిల్లీ జట్టు అతన్ని 6.25 కోట్లకు కొన్నది. తెలుగు పాటలకు చిందులు వేసి మనవాళ్ల మనసు దోచుకున్నవాడికి అన్యాయం జరిగిందని మన కుర్రవాళ్లు బాధపడ్డారు. ఆ కుర్రవాళ్లే వేలం రోజున ఎవణ్ణి ఎంతకు కొంటే "మనకు" గిట్టుబాటని కాగితాల మీద లెక్కలు వేశారు. ఆ బాధ వాళ్లది. ఆ లెక్క యజమానిది. 2019లో ఏర్పడిన మన క్రికెటర్ల సంఘం మాజీ ఆటగాళ్లది. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున యాజమాన్యంతో బేరమాడే సంఘం లేదు. ఈ లోటు గురించి అభిమానుల్లో చర్చ వినబడదు.

ఉపాధ్యాయులు తరగతిలో, విద్యార్థులు హాస్టలు గదుల్లో ఆటల గురించి మాట్లాడుకోవటం మానాలని నేను చెప్పను. మానరు, మానవలసిన అవసరమూ లేదు. కాని ఈసారి ఒక ఆటగాడు చేతులు మారినప్పుడు, బదులు ఎవరు వచ్చారని అడిగేముందు, అతన్ని ఎవరైనా అడిగారా అని అడగండి. అడగకపోతే, అడగవలసిన అగత్యం యజమానికి కలిగించే సంఘం అతనికి వున్నదా అని అడగండి. తక్కెడ కింద పెట్టిన అభిమాని ఆటగాడికి యజమాని కాడు, తోటి మనిషి అవుతాడు. ఆట ఆనందం అందువల్ల తగ్గదు.