నిర్మాల్యము

మహర్నవమినాడు జనగామ వెల్డింగు దుకాణములలోను, మానుకోటలో కరెంటు మోటార్లు బాగుచేయు కొట్లలోను, భూపాలపల్లి బొగ్గుగనుల వర్కుషాపులలోను యంత్రములను నిలిపివేసి, కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టి మ్రొక్కుట మనమందఱమును ఎఱిగినదే. ఆ మ్రొక్కును చూచి చదువుకొన్న పిల్లవాడొకడు ఇనుమునకు పూజ యేమిటని యడిగినచో పెద్దలు సాధారణముగా రెండు సమాధానములు చెప్పుదురు. సర్వమును ఈశ్వరమయమే గనుక ఇనుమును ఈశ్వరుడే యనుట యొకటి. అన్నము పెట్టిన పనిముట్టునకు కృతజ్ఞత చూపుట మనుష్యధర్మమనుట రెండవది. రెండును సత్యములే కాని, ఆ పూజలో అన్నిటికంటె ఎక్కువ ప్రొద్దు పట్టు పని, అనగా కడుగుట, ఎందులకో ఈ రెండును చెప్పజాలవు. సర్వము ఈశ్వరమయమైనచో త్రుప్పును ఈశ్వరమయమే గదా, దానిని గోకివేయనేల? కృతజ్ఞతయే ప్రధానమైనచో దండము చాలును గదా, కిరసనాయిలుతో పని యేమి? ఈ ప్రశ్నకు నాకు దారి చూపినది మా యింటి వెనుక రేకుల షెడ్డులో నేను నిలుపుకొన్న ఒక పాత డ్రిల్లింగు మిషను.

దానిని మానుకోటలో కొంటిని. వ్యవసాయపు మోటార్లను, పంపుసెట్లను బాగుచేయుచు బ్రతికి, ముసలితనమున కాలముచేసిన ఒక మెకానిక్కు దుకాణములో అది మూలబడి యుండెను. వెల కుదిరి, మిషనును ట్రాలీలోనికి ఎక్కించుచుండగా ఆయన కొడుకు నాతో ననిన మాట యిది: "ఏటేటా దసరాకు మా నాయిన దీనికి బొట్టు వెట్టేటోడు సార్. ఎవలింట్ల ఉన్నా సరే, గా బొట్టు మాత్రం ఆపకుండ్రి."

పాత యంత్రమును కొనువాడు రంగును చూచి మురిసిపోరాదు. బెల్టు విప్పి, స్పిండిలును చేతితో త్రిప్పి, గరగర యను ధ్వని యేమైన వచ్చునేమో చెవి యొగ్గి వినవలెను. చక్కులో పొడుగుపాటి బిట్టును బిగించి దానిని ప్రక్కకు కదల్చి చూచినచో బేరింగులు అరిగినవో లేవో కంటికంటె ముందు వ్రేళ్లకు తెలియును. పోత యినుప భాగములలో ఎచ్చటనైన పగులు పట్టగా ఇత్తడితో అతికి పైన రంగు పూసిరేమో ఎండలో నిలిపి పరీక్షింపవలెను. బల్లమీద అడ్డదిడ్డముగా తొలిచిన బెజ్జములున్నచో అది అజాగ్రత్తపరుల చేతిలో నలిగిన మిషనని తెలియవలెను. మానుకోట మిషను బల్లమీద అట్టి గాయమొక్కటియు లేదు. మోటారు త్రీఫేజుది, ఇంటికి వచ్చు కరెంటు సింగిల్‌ఫేజుది గనుక దానిని మార్చక తప్పలేదు. తయారుచేసినవారి పేరుగల రేకు ఊడిపోయి దాని మరల గుర్తులు మాత్రమే మిగిలినవి గాని, చక్కుమీద ప్రాగా టూల్సు వారి పేరు స్పష్టముగా నున్నది. 1943లో సికింద్రాబాదు కవాడిగూడలో వెలసిన ఆ కర్మాగారపు పనితనముమీద నాకు గల గౌరవమును ఇచ్చట చెప్పుకొనకుండ నుండలేను.

త్రుప్పు వదలించుట కిరసనాయిలుతోను, సన్నని ఎమరీ కాగితముతోను ఓపికగా చేయవలసిన పని. స్తంభముమీది త్రుప్పు సులభముగనే పోయినది. తల ముందుభాగమున, రంగు వేయని నున్నని పట్టీమీద, గట్టిగా పేరుకొన్న మడ్డి యొకటి యుండెను. దానిని పలుచని రేకుతో గోకగా నల్లని గ్రీజు పొర, దానిక్రింద ఎఱ్ఱని కుంకుమ పొర, మఱల గ్రీజు, మఱల కుంకుమ, ఇట్లు గడచిన దసరాలు ఒకదానిపై నొకటి గట్టిపడి బయటపడినవి. అట్టడుగు పొర క్రింది ఇనుము మచ్చ లేక నున్నగా నుండెను. పై పొరలు మాత్రము దుమ్మును నూనెయు కలిసిన జిడ్డుమీదనే అద్దబడి, వాని అంచుల వెంట చెమ్మ నిలిచి, ఆ చెమ్మ ఇనుమును తినుచుండెను. మ్రొక్కిన గుర్తులే మలినమై కూర్చున్నవి. వానిని తుడుచుట పూజకు విఘ్నమా, పూజయందు భాగమా?

బ్రహ్మసూత్రభాష్యమున సమన్వయాధికరణములో శంకరభగవత్పాదులు కర్మవలన కలుగు ఫలములను నాలుగు విధములుగా విభజించిరి: లేనిదానిని పుట్టించుట, ఉన్నదానిని మార్చుట, అందనిదానిని పొందుట, ఉన్నదానిని సంస్కరించుట. సంస్కారము మఱల రెండు తెఱగులు: గుణమును చేర్చుట, దోషమును తొలగించుట. మోక్షము ఈ నాలుగింటిలో దేనికిని లోబడదని నిరూపించుట ఆయన యుద్దేశము. ఆ సందర్భముననే పూర్వపక్షి లేచి, అద్దమును రుద్దగా దానికి సహజమైన కాంతి ప్రకటమగునట్లు, ఆత్మకు స్వభావమైన మోక్షమును కర్మచేత ప్రకటము కారాదా యని ప్రశ్నించును. శంకరుల సమాధానము కఠినమైనది. క్రియ యే వస్తువును ఆశ్రయించునో దానిని మార్పక యూరకుండదు. ఆత్మ క్రియకు ఆశ్రయమైనచో అనిత్యమగును. కావున రుద్దుట అద్దమునకే చెల్లును.

ఈ విభాగమును మిషనునకు అన్వయించి చూతము. కొనుట పొందుటలో చేరును. అది ఒక్క పూటలో ముగిసినది, దానివలన నా మమకారమునకు మఱియొక వస్తువు పెరిగినది తప్ప వేఱు లాభము లేదు. మోటారు అమర్చుట మార్చుటలో చేరును, అదియు స్వల్పమే. మిగిలిన శ్రమయంతయు సంస్కారము, అందును చాలవఱకు దోషమును తీసివేయుట. చేతిలోనికి వచ్చిన వస్తువుతో మనుష్యుడు ఏండ్ల తరబడి చేయునది ఇదియే. పొందుటను పండుగ చేసికొనువారు లోకములో పెక్కుమంది కలరు. మన పూర్వులు తీసివేయుటకు ఒక తిథిని నిర్ణయించిరి.

ఆలయములో అర్చకుడు ఉదయమున స్వామిని సేవింప బూనినప్పుడు నిన్నటి పువ్వులను, నిన్నటి గంధమును తీసివేయును. నిర్మాల్యవిసర్జనము కాక అభిషేకము లేదు. నిన్న స్వామి శిరస్సున నుండి పూజ్యమైన పుష్పమే నేడు తొలగింపదగినదగుచున్నది. అట్లని నిన్నటి పూజ వ్యర్థమైనదని ఎవరును అనరు, ఆ పుష్పమును త్రొక్కుటకు ఎవరును సాహసింపరు. పూజ తన గుర్తును తానే తీసివేసికొని మఱల మొదలగుట మన యర్చనావిధానములోని రహస్యమని నాకు తోచుచున్నది. ఆయుధపూజలో ఈ మొదటి యంగము క్రమముగా జాఱిపోవుచున్నందుకు నేను నిజముగా బాధపడుచున్నాను. కొత్త బొట్టు పాత బొట్టుమీదనే పడుచున్నది. బంతిపూల దండ బెల్టు గార్డుమీద వ్రేలాడుచుండును, దానిలోపల బెల్టు పగుళ్లు తీసియుండును. కడుగుటయే ఆయుధపూజ యనియు, బొట్టు అది ముగిసినదనుటకు ముద్ర యనియు నా నిశ్చయము. కావున ఆ పొరలన్నిటిని తీసి, కాగితములో పొట్లము కట్టి, మా పెరటి తులసికోట మొదట వేసితిని.

ఈ మిషను చేయు పనియు విచారింపదగినదే. లేతు వస్తువునకు ఆకారము నిచ్చును, వెల్డింగు రెండింటిని ఒకటి చేయును. డ్రిల్లు మాత్రము ఆకారము నీయక, దేనిని చేర్చక, తీసివేయుటతోనే తన పని ముగించును. వడ్రంగి త్రాడు చుట్టి త్రిప్పిన బరమనుండి, 1863లో అమెరికా దేశీయుడు స్టీఫెన్ మోర్స్ పేటెంటు పొందిన మెలికల బిట్టువఱకు పరికరములు మాఱినవి గాని పని మాఱలేదు. అది విడిచిపోవునది బెజ్జము. బెజ్జము వస్తువా? నైయాయికులు అభావమును పదార్థములలో నొకటిగా అంగీకరించిరి. వారి లెక్కలో అక్కడ నుండినది ఇనుముయొక్క ప్రధ్వంసాభావము, ఆది గలదియు అంతము లేనిదియు. అద్వైతులు ఘటాకాశమును దృష్టాంతముగా జూపుదురు: కుండ ఆకాశమును పుట్టింపలేదు, కుండ పగిలినప్పుడు ఆకాశము నశింపదు. ఆ చూపుతో చూచినచో బిట్టు శూన్యమును సృష్టించుట లేదు, ఆకాశమునకు అడ్డుగా నున్న ఇనుమును తొలగించుచున్నది. నాకు ఈ రెండవ మాటయే సమంజసముగా తోచును. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరములో ఒకే పానవట్టముమీద రెండు లింగములుండగా, అందు ముక్తీశ్వరలింగమునకు నాసికారంధ్రములు కలవు. వానిలో పోసిన జలము గోదావరీ ప్రాణహితల సంగమమును చేరునని భక్తుల విశ్వాసము. అచ్చట భక్తుడు మ్రొక్కునది శిలకును, శిల తొలగి యిచ్చిన దారికిని గూడ. 2019 వఱకు ఆ జిల్లాలోనే యుండి నేడు ములుగు జిల్లాకు చెందిన పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి నల్లరాతి స్తంభములను చూచినవారికి, తీసివేయుట యెంతటి విద్యయో వేఱుగ చెప్పనక్కఱలేదు. కఠోపనిషత్తు మఱియొక యడుగు ముందుకు వేసి, స్వయంభువు మన యింద్రియరంధ్రములను వెలుపలి వైపునకు తొలిచెననియు, అందుచేత మనుష్యుడు బయటికే చూచుననియు, ఎవడో యొక ధీరుడు మాత్రమే కన్నును లోనికి మఱల్చుననియు చెప్పుచున్నది.

తొలుచుటలో తొందర పనికిరాదు. మెత్తని ఇనుములో 10 మిల్లీమీటర్ల బిట్టు నిమిషమునకు సుమారు 800 చుట్లు తిరుగవలెను, 5 మిల్లీమీటర్లది దానికి రెట్టింపు. బిట్టు లావగుకొలది బెల్టును నెమ్మది పుల్లీమీదికి మార్చవలెను. బిట్టు కొనను 118 డిగ్రీల కోణమున, రెండు అంచులును సమముగా సానపట్టినచో రెండు ప్రక్కలనుండి రెండు చుట్టలు ఒకే తీరున లేచును. ఒక యంచు పొడుగైనచో ఒక చుట్టయే లేచి, బెజ్జము కొలతకంటె పెద్దదగును. పెంబర్తి పనివారు వాడునట్టి పలుచని ఇత్తడిరేకు మఱియు పెంకెది. క్రింద చెక్క పెట్టి, పైన క్లాంపు బిగింపకున్నచో బిట్టు రేకును తనవైపు లాగికొని గిఱ్ఱున త్రిప్పి చేతిని కోయును. చక్కు తాళమును చక్కులోనే మఱచి స్విచ్చి వేసినచో అది ముఖముమీదికి ఎగురును. ఈ మిషను ముందు నిలుచువాని మనస్సు మఱియొక చోట నుండుటకు వీలులేదు.

ఇచ్చట ఒక యాక్షేపము రావచ్చును. నూనె పోయుట, గ్రీజు నింపుట, కొత్త బేరింగు వేయుట గుణమును చేర్చుటయే గదా, తీసివేయుటయే సర్వమనుట యెట్లు? నూనె చేయు పనిని దగ్గఱగా చూచినచో అది చెమ్మను, రాపిడిని రానీయకుండుటయే. ముందుగా జేసిన దోషనివారణము. బేరింగు సంగతి నిజముగా కష్టమైనది. వస్త్రమునుండి ఒక్క దారము తీసినను ఆ వస్త్రము నశించి మఱియొక ఖండపటము పుట్టునని తార్కికులందురు. ఆ లెక్కను మోటారు మార్చిననాడే మానుకోట మిషను నశించినది. తర్కమున ఈ వాదము నిలుచునేమో గాని, బొట్టు ఆపవద్దని యడిగిన కొడుకునకు దానిని నేను చెప్పజాలను. రంగు మాత్రము వేయలేదు. పాత రంగు అరిగి, చేయి ఆనినచోటనెల్ల ఇనుము బయటపడియున్నది. అది దోషము కాదు గనుక తొలగించుటకు గాని కప్పుటకు గాని నాకు కారణము కనబడలేదు.

ఇక శంకరుల కాఠిన్యము మాట. ఈ శ్రమవలన మోక్షము రాదు, ఆయన తీర్పును శిరసావహించుచున్నాను. ఆ భాష్యముననే ఆయన స్నానమును, ఆచమనమును ప్రస్తావించి, వానివలన శుద్ధుడగువాడు దేహముతో కలిసి 'నేను' అనుకొనువాడే గాని ఆత్మ కాదని నిర్ణయించెను. గీత ఐదవ యధ్యాయమున యోగులు సంగము విడిచి కర్మ చేయుట శుద్ధికొఱకే యని చెప్పినదియు ఈ 'నేను' అనువానిని ఉద్దేశించియే యని నా తాత్పర్యము. మిషనును రుద్దునప్పుడు త్రుప్పు మిషనునుండి పోవును. దానిని 'నాది' యని కొని తెచ్చినవాడు, ఇతరుని చేతి యరుగుదలను, ఇతరుని మ్రొక్కును వ్రేళ్లతో తడవి చూచిన పిదప, ఆ మాటను మునుపటి ధైర్యముతో అనలేడు.

పై పొరలను గూర్చి చెప్పవలసినది మిగిలియున్నది. అడుగు పొర క్రింది ఇనుము శుభ్రముగా నుండుట, ఆ మెకానిక్కు ఒకప్పుడు ఏటేటా కడిగియే బొట్టు పెట్టెననుటకు సాక్ష్యము. తరువాతివి జిడ్డుమీద పడినవి. చేతులలో సత్తువ తగ్గి, నడుము వంగని వయస్సున, కడుగలేకపోయియు ఆయన బొట్టు మానలేదు. కడుగుటయే పూజయన్న నా సిద్ధాంతము ప్రకారము అవి ముఖ్యాంగము లోపించిన పూజలు కావలెను. అట్లనుటకు నాకు నోరు రాదు, రావలసిన పనియు లేదు. అశక్తునకు మన సంప్రదాయము మానసపూజను విడిచియుంచినది, గీత తొమ్మిదవ యధ్యాయము ఆకైనను పువ్వైనను నీరైనను భక్తితో నిచ్చినచో చాలునన్నది. ఆయన పూజలో లోపము లేదు. చేతులు చేయలేక విడిచిన పని మాత్రము శేషించి, మిషనుతోపాటు నాకు సంక్రమించినది. స్తంభమును, తలయు శుభ్రమైనవి. బల్లను ఎత్తి దింపు పళ్లపట్టీలో గట్టిపడిన గ్రీజు ఇంకను ఉన్నది, పై బేరింగు మార్చవలసియున్నది; నవమిలోపల ఆ రెండును పూర్తికావలెను.