చంద్రునిలోని మచ్చ

కార్తీకమాసమున అనంతగిరికి వచ్చిన యాత్రికులు భవనాశినీ పుష్కరిణిలో స్నానమాడి, శ్రీ అనంతపద్మనాభస్వామిని సేవించి, పున్నమినాటి సాయంకాలమున కొండపైననే కొంతసేపు నిలుచుట కలదు. చెట్ల నడుమనుండి చంద్రుడుదయించును. అప్పుడు బాలురడుగు ప్రశ్న యొకటే: "తాతా! అందులో ఆ నల్లనిదేమి?" కుందేలనియు, జింకయనియు పెద్దలు చెప్పిరి. శశాంకుడు, మృగాంకుడు అను నామములు అందుండియే పుట్టినవి. బడికి పోవు బాలుడు మాత్రము అది రాతినేల యని విని వచ్చినవాడు. ఇక తాత యేమి చెప్పవలెను? కుందేలనిన అసత్యమగునా? రాయి యనిన భక్తి సడలునా? ఈ సంకోచము నేడు పెక్కు గృహములందు కలదు.

ముందుగా విషయము తెలియవలెను. చంద్రుడు భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున నున్నాడు. తన చుట్టు తాను తిరుగుటకును, భూమిని చుట్టి వచ్చుటకును సమానకాలమే పట్టుటచే ఎల్లప్పుడు ఒకే ముఖమును మనకు చూపుచుండును. తాత బాల్యమున చూచిన మచ్చనే మనుమడును చూచుచున్నాడు. పూర్వము పెద్ద శిలలు తాకగా ఏర్పడిన గుంటలలో, లోపలినుండి ఉబికిన లావా నిండి గడ్డకట్టినది. అదియే మచ్చ. 1969లో మానవులు మొదట దిగినదియు అట్టి మైదానముననే. వారు తెచ్చిన నల్లరాళ్ల వయస్సు మూడువందల కోట్ల సంవత్సరములకు పైబడినదని తేలినది.

ఆ రాతిని బసాల్టు అందురు. విశేషమేమనగా, అనంతగిరికి పునాదియైనదియు ఆ జాతి రాయియే. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కనుపై పారిన లావాపొరల అంచు ఈ వికారాబాదు ప్రాంతమున నున్నది. ఇచ్చట వానయు గాలియు కలవు. అవి రాతిని మెల్లమెల్లగా తినివైచి ఎర్రమన్నుగను, మొరముగను మార్చినవి. ఆ మన్నుపై అడవి మొలచినది. ఆ అడవిలో మూసీనది పుట్టినది. చంద్రునిపై వాన లేదు, గాలి లేదు. రాయి నల్లగనే మిగిలినది. భూమికిని అట్టి దెబ్బలే తగిలినవి గాని, నీరు వానిలో పెక్కింటిని మాపివైచినది. పాపము, చంద్రుని దెబ్బలను మాపువారు లేరు. దానికి మనము కళంకమని పేరు పెట్టితిమి!

తెలిసికొనుటకు భక్తుడు వెరవ నక్కరలేదు. వినాయకచవితినాడు చంద్రుని చూచిన నింద కలుగునని శమంతకోపాఖ్యానమును వినుచున్నాము. అందు శ్రీకృష్ణుడు తనపై నింద వచ్చినప్పుడు "నేను భగవంతుడను, నమ్ముడు" అనలేదు. పౌరులను వెంటబెట్టుకొని అడవికి పోయి, అడుగుజాడలను బట్టి గుహవరకు వెళ్లి, మణిని తెచ్చి చూపెను. జాడ వెదకుట స్వామికి లోపము కానప్పుడు భక్తునకెట్లగును?

కొందరు మరియొక తొందర పడుదురు. ఇదంతయు పురాణములందే యున్నదందురు. అది యుచితము కాదు. పాలసముద్రమున లక్ష్మీదేవితోపాటు పుట్టినవాడు గనుక చంద్రుడు మనకు మేనమామ. సుమారు 450 కోట్ల సంవత్సరముల క్రిందట మరియొక గోళము తాకగా భూమినుండి చెదరిన ద్రవ్యముతో చంద్రుడేర్పడెనని శాస్త్రజ్ఞులలో పెక్కురి మతము. మొదటిది బంధుత్వమును చెప్పునది, రెండవది పదార్థమును చెప్పునది. ఒకదానికొకటి సాక్ష్యము పలుక నక్కరలేదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్–3 చంద్రుని దక్షిణధ్రువ సమీపమున దిగినది. వారము గడచినంతనే శ్రావణపూర్ణిమ వచ్చినది. పూజలు యథాప్రకారము జరిగినవి.

కుందేలనుట చూపునకు తోచిన పోలిక. పోలిక అసత్యము కాదు. నిజముగా కుందేలే యున్నదని పట్టుబట్టుట అసత్యము. తాత కొండదారిలో నల్లరాతి ముక్క నొకటి వెదకి, మనుమని చేతిలో నుంచి, "అచ్చటిదియు ఇట్టిదేనట, నాయనా!" యనవచ్చును. కుందేలు చెవులెటు నున్నవో ఆ పిమ్మట చూపవచ్చును.