విందు వండినవారు విందులో ఉన్నారా?

పండుగ భోజనం గురించి చెప్పుకునేటప్పుడు మనం అడిగే ప్రశ్నలు రెండు: ఏమి వండారు? ఎంతమంది వచ్చారు? మూడవ ప్రశ్న చాలా ఇళ్ళలో ఎవరికీ తోచదు. వండినవారు ఎప్పుడు తిన్నారు?

ఒక వంటకం సాయంతో ఈ ప్రశ్నను ఆలోచిద్దాం. జర్మనీలో కుటుంబమంతా కూడే ఆదివారాలకు, పండుగలకు ‘సావర్‌బ్రాటెన్’ అనే గొడ్డుమాంసపు రోస్టు చేస్తారు. దీనికి ఖరీదైన ముక్క అక్కరలేదు. భుజం, తొడ భాగాల గట్టి మాంసమే చాలు. వెనిగర్, నీరు, కొందరైతే ఎర్ర వైన్ కూడా కలిపి, ఉల్లిపాయ, క్యారెట్, లవంగాలు, మిరియాలు వేసి, అందులో మాంసాన్ని మూడు నాలుగు రోజులు, కొన్ని ఇళ్ళలో వారం పైగా నానబెడతారు. రోజూ ముక్కను తిరగవేస్తారు. పండుగనాడు దానిని ఎర్రగా వేయించి, నానిన పులుసులోనే మూతపెట్టి సన్నని సెగపై రెండు మూడు గంటలు ఉడికిస్తారు. రైన్ నది ప్రాంతంలో ఎండుద్రాక్ష కూడా వేస్తారు.

పులుపు వల్లనే మాంసం మెత్తబడుతుందని చాలామంది అనుకుంటారు. కాని పులుపు లోతుకు వెళ్ళేది కొద్దిగానే. మాంసాన్ని బిగించి ఉంచే కొల్లాజెన్ తడి వేడిలో గంటల తరబడి ఉంటేనే జెలటిన్‌గా మారుతుంది. అంటే డబ్బు చేయలేని పనిని కాలం చేస్తుంది.

అయితే ప్రేమను ఖర్చుతో కాక కాలంతో కొలుద్దామా? ఆ కొలత కూడా న్యాయమైనది కాదు. రాత్రి డ్యూటీ చేసే నర్సుకు, కూలికి వెళ్ళే తల్లికి అంత తీరిక ఎక్కడిది? వారి ప్రేమ తక్కువా? పైగా ఆ కాలం ఎవరిది? చాలా ఇళ్ళలో అది ఒక్క స్త్రీది. అందరూ తిన్నాక, అడుగున మిగిలిన పులుసుతో ఆమె తింటుంది.

“వడ్డించడంలోనే నాకు తృప్తి” అని ఆమె అనవచ్చు. ఆ మాట అబద్ధం కాదు. కాని కాదనగలిగే అవకాశం ఉన్నప్పుడే ఇచ్చినది కానుక అవుతుంది. వంటింట్లోకి మరెవరూ అడుగుపెట్టని ఇంట్లో అది కానుకో, తప్పని చాకిరో మనకెలా తెలుస్తుంది? సువార్తలోని మార్తమ్మ కూడా పని ఉన్నందుకు కాదు, పనిలో ఒంటరిగా మిగిలినందుకే మొరపెట్టుకుంది.

సావర్‌బ్రాటెన్‌లో ఒక సౌకర్యముంది. పని రోజుల మీదుగా చిన్న చిన్న భాగాలుగా సాగుతుంది. ఉల్లిపాయలు ఒకరు తరగవచ్చు, మాంసాన్ని పిల్లలు తిరగవేయవచ్చు. ఉడికేటప్పుడు ఎవరూ పొయ్యి దగ్గరే నిలబడనక్కరలేదు. అదే పూరీలు వేడివేడిగా కావాలంటే ఒకరు నూనె మూకుడు ముందు నిలబడి తీరాలి, మిగిలినవారు కూర్చుని తినాలి. కనుక ఏమి వండాలన్నది రుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించినది కూడా.

ప్రియ పాఠకులారా, పండుగ వంట ఏదైనా కానివ్వండి, జర్మనీ రోస్టు కానివ్వండి, మన మసాలా కూర కానివ్వండి. అది నిర్ణయించేటప్పుడే ఎవరు ఏ పని చేస్తారో కూడా నిర్ణయించండి. వండినవారికి కుర్చీ వేసి, వారు కూర్చున్నాకే అన్నం కలపండి. ఒక్క వంటకం తగ్గినా ఫరవాలేదు, ఒక్క మనిషి తగ్గితే మాత్రం అది కుటుంబ విందు కాదు.