చనిపోయినవారికి మనం ఏం చేయగలం?



ఏటా నవంబరు 2న మన బందరు, గుడివాడ, దివిసీమల్లోని కతోలిక కుటుంబాలు సమాధుల పండగ చేసుకుంటాయి. సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పోయినవాళ్ల పేరున గుడిలో పూజ చెప్పిస్తారు. మనలో చాలామందికి అమ్మ వైపో, అత్తగారి వైపో ఆ బంధుత్వం ఉంది. "మీరు బౌద్ధం తీసుకున్నారు సరే, మరి మీ నాన్న ఆత్మ కోసం ఎవరు ప్రార్థిస్తారు?" అని పెద్దమ్మ అడిగితే మీరేం చెబుతారు?

ముందు వాళ్ల నమ్మకాన్ని సరిగ్గా తెలుసుకుందాం. దేవుని కృపలో చనిపోయినా ఇంకా పూర్తిగా శుద్ధి కాని ఆత్మ, పరలోకానికి ముందు ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతుందని కతోలికుల బోధ. అది నరకం కాదు. అక్కడున్నవారికి పరలోకం ఖాయమే. బతికున్నవారి ప్రార్థనలు, పూజలు వారికి సాయపడతాయని 1563లో ట్రెంట్ మహాసభ మరోసారి ప్రకటించింది. 1841లో బందరు వచ్చిన సి.ఎం.ఎస్. మిషనరీల వంటి ప్రొటెస్టంట్లు దీన్ని ఒప్పుకోరు. అంటే ఇది క్రైస్తవుల మధ్యే తెగని తగువు.

బుద్ధుణ్ణి ఒక గ్రామపెద్ద ఇలాంటి ప్రశ్నే అడిగాడు. చనిపోయినవారిని మంత్రాలతో స్వర్గానికి పంపగలమని బ్రాహ్మణులు అంటున్నారు, మరి మీరో? అని. లోతైన మడుగులో పెద్ద బండ వేసి, ఊరంతా చేతులు జోడించి "పైకి తేలు" అని వేడుకుంటే తేలుతుందా? అని బుద్ధుడు ఎదురు అడిగాడు. నేతికుండ నీళ్లలో పగిలితే పెంకులు మునుగుతాయి, నెయ్యి తేలుతుంది. నెయ్యిని మునగమని ప్రార్థించినా మునగదు. చేసిన పనికి బదులు ప్రార్థన పనికిరాదని దీని సారం.

అయితే ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. ఉత్తరించు స్థలం వద్దని చెప్పి, దాని చోట "పూర్వజన్మ కర్మ"ను కూర్చోబెడితే ఏం బాగుపడ్డాం? 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచింది. తుఫానుకు వేలమంది పోయారు. ఎన్నో శవాలు ఎవరివో గుర్తుపట్టే వీలు లేక, కలిపే దహనం చేశారు. వాళ్లంతా పోయిన జన్మలో పాపం చేశారా? లేదు. సముద్రం పక్కన, తాటాకు గుడిసెల్లో బతికిన కూలీలు, జాలర్లు, బడుగులు ఎక్కువగా పోయారు. అది పేదరికం చేసిన ఎంపిక. పూర్వజన్మ పాపమనే మాట, పేదల దుస్థితికి సమాజం బాధ్యత లేదని చెప్పడానికే పనికొస్తుందని బాబాసాహెబ్ "బుద్ధుడు - ఆయన ధమ్మం"లో ఎత్తిచూపారు. బాధలో ఉన్నవాణ్ణి "నీ కర్మ" అనడం ధమ్మం కాదు. ఆ మాట కన్నా మీ పెద్దమ్మ కొవ్వొత్తి ఎంతో మేలు. అందులో ప్రేమైనా ఉంది.

మరి దైవ కారుణ్యానికీ మన కరుణకూ తేడా ఏమిటి? అక్కడ పైన క్షమించేవాడు ఒకడు, కింద క్షమాపణ అడిగేవాడు ఒకడు. మన కరుణకు పైనా కిందా లేదు. ఉప్పెన తర్వాత బురదలో దిగి, పేరూ కులమూ అడగకుండా శవాలు మోసిన చేతులున్నాయే, అది కరుణ. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. తర్వాత తీరాన కట్టిన తుఫాను షెల్టర్లు కూడా అలాంటివే. పోయినవాళ్లను అవి తిరిగి తేలేదు, వచ్చే తుఫానుకు బతకాల్సినవాళ్లకు నీడ ఇచ్చాయి.

కాబట్టి పెద్దమ్మ పిలిస్తే వెళ్లండి. సమాధి కడగండి, ఆమెతో వాదం పెట్టుకోకండి. కానీ శ్రాద్ధం, పిండం పెట్టనని ప్రతిజ్ఞ చేసిన మనం, అదే పనిని ఇంకో పేరుతో ఇంట్లోకి తెచ్చుకోవద్దు. మీ నాన్న వర్ధంతి నాడు త్రిశరణ పంచశీలాలు చెప్పుకోండి. ఆయన మంచి గుణం ఒకటి పిల్లలకు చెప్పండి. ఆయన పేరున ఒక బిడ్డ ఫీజు కట్టండి, ఒక రోగికి మందులు కొనండి.

"నాన్న ఆత్మ సంగతేమిటి?" అని మళ్లీ అడిగితే, "ఆయన చేసిన మంచిని ఆగిపోనివ్వకుండా చూస్తున్నాం పెద్దమ్మా" అని చెప్పండి.

నమో బుద్ధాయ! జై భీమ్!